రంగు చేపలకు చవకయైన పుష్టికర మేత

ఇండ్లలో అద్దాల తొట్లలో పెంచుకొను రంగు చేపలకు పట్టణములలో గిరాకీ కలదు. పెరటిలో కొద్దిపాటి స్థలము, చాలినంత నీటి వసతి గల రైతు కుటుంబములు ఈ చేపలను సిమెంటు తొట్లలో పెంచి అమ్ముకొనవచ్చును. ముఖ్యముగా స్త్రీలు ఇంటి పనుల నడుమ దీనిని నిర్వహించుకొనుటకు వీలున్నది. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇట్టి పెరటి పెంపకమునకు కూడ చోటు కల్పింపబడినది.

తొట్టి ఒకసారి కట్టిన అనేక సంవత్సరములు ఉండును. తల్లి చేపలను ఒకసారి కొనిన కొంతకాలము పిల్లలనిచ్చును. కాని మేత ప్రతి దినము కావలసినదే. కనుక ఈ వృత్తిలో లాభనష్టములు చాలవరకు మేత మీదనే ఆధారపడి యున్నవి. ఇచ్చట పెంపకందార్లు రెండు విధములుగా నష్టపోవుచున్నారు. కొందరు అంగళ్లలో చిన్న పొట్లములలో అమ్ము ఖరీదైన గుళికలనే వేలాది పిల్లలకు వేసి, చేపలమ్మగా వచ్చిన సొమ్మంతయు మేతకే ఖర్చు చేయుదురు. మరికొందరు పొదుపు పేరుతో ఉత్త తవుడో, మరమరాలో, రొట్టె తునకలో వేసి, చేపలు ఎదగక, రంగు రాక, నీరు చెడి నష్టపడుదురు. ఈ రెంటికిని నడుమ మంచి మార్గమొకటి కలదు. దానిని ఈ పాఠములో వివరింతుము.

చవక మేత యనగా నేమి?

కిలో ధర తక్కువగా నున్న మేత చవక మేత యని భ్రమపడరాదు. చేప ఒంటికి పట్టునది మేతలోని పోషక పదార్థములు మాత్రమే. వానిలో ముఖ్యమైనవి, ఖరీదైనవి మాంసకృత్తులు. కావున సరుకు కొనునప్పుడు కిలో సరుకు ధరను కాక, కిలో మాంసకృత్తుల ధరను లెక్క చూచుకొనవలెను.

ఉదాహరణకు ఒక సరుకు కిలో 30 రూపాయలు, అందు మాంసకృత్తులు నూటికి 12 పాళ్లు అనుకొందము. రెండవ సరుకు కిలో 60 రూపాయలు, అందు మాంసకృత్తులు నూటికి 42 పాళ్లు అనుకొందము. మొదటి దానిలో కిలో మాంసకృత్తులకు 250 రూపాయలు పడును. రెండవ దానిలో సుమారు 143 రూపాయలే పడును. అంగడిలో రెట్టింపు ధర పలుకుచున్న సరుకే వాస్తవమునకు చవక. ఈ ధరలు లెక్క తెలియుటకు చెప్పినవి మాత్రమే. మీ ఊరి ధరలు వేసి మీరే లెక్క చూచుకొనుడు.

రెండవ సంగతి, చేప తినక విడిచిన మేత ఎంత చవకయైనను దండుగయే. అది అడుగున కుళ్లి నీటిలో అమ్మోనియాను పుట్టించును. చేపలు కూడ తమ మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జించుచుండును. రెండును చేరి మోతాదు మించినచో చేపలు చచ్చును. ఇట్లు మిగిలిన మేత డబ్బును, చేపను కూడ పోగొట్టును.

ఏ చేపకు ఏ మేత?

చేపలన్నియు ఒకే విధమైన తిండి తినవు. గోల్డుఫిష్, గప్పీ, ప్లాటీ, స్వార్డుటెయిల్ చేపలు ఆకు తిండిని, జంతు తిండిని కూడ తినును. మోలీ చేపకు నాచు, ఆకు సంబంధమైన తిండి ఎక్కువగా కావలెను. ఫైటరు చేప ముఖ్యముగా పురుగులను తిను జాతి. దానికి తవుడు, చెక్క ఎంత వేసినను ప్రయోజనముండదు.

నోటి తీరును బట్టి కూడ మేతను ఎన్నుకొనవలెను. నోరు పైకి తిరిగియున్న గప్పీ వంటి చేపలు నీటి పైభాగమున తేలు మేతను తినును. గోల్డుఫిష్ పైనను, అడుగునను కూడ వెదకి తినును. గుళిక ఎప్పుడును చేప నోటి కంటె చిన్నదిగా నుండవలెను. ఒక్క గ్రుక్కలో మ్రింగలేని గుళికను చేప కొరికి, ఉమ్మి, విడిచివేయును. అది నీటి పాలగును.

గోల్డుఫిష్‌కు మనకున్నట్టి జీర్ణాశయము లేదు. తిన్నది తిన్నట్లు పేగులోనికి పోవును. కావున దానికి ఒకేసారి కడుపునిండ వేయుటకంటె కొంచెము కొంచెముగా పలుమార్లు వేయుట మేలు.

మేతలో నుండవలసిన పదార్థములు

మాంసకృత్తులు ఎదుగుదలకు, పిండి పదార్థములు, క్రొవ్వు శక్తికి, ఖనిజ లవణములు ఎముకలకు, విటమినులు ఆరోగ్యమునకు అవసరము. ఎదుగుచున్న గోల్డుఫిష్, గప్పీ వంటి చేపలకు మేతలో మాంసకృత్తులు నూటికి 30 మొదలు 35 పాళ్ల వరకు ఉండుట మంచిది. గ్రుడ్డు నుండి వెలువడి ఈదుట నేర్చిన చిన్న పిల్లలకు ఇంకను హెచ్చుగా, 40 పాళ్లకు పైగా కావలెను.

చేపలలో పెక్కు జాతులు సి విటమినును తమంతట తాము తయారు చేసికొనలేవు. అది మేతలో లేనిచో వెన్నెముక వంకరపోవును. వంకర చేపను ఎవరును కొనరు. సి విటమిను వేడికి, నిలువకు త్వరగా నశించును. కావున చేపల మేత కొరకు, వేడికి తట్టుకొనునట్లు తయారుచేసిన విటమిను మిశ్రమమునే వాడవలెను. లేదా ఉడికించిన మేత చల్లారిన పిదప కలుపవలెను.

మన ప్రాంతమున దొరకు ముడి సరుకులు

వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు నూటికి సుమారు 40 మొదలు 45 పాళ్లు, సోయా పిండిలో 44 మొదలు 48 పాళ్లు, నువ్వుల చెక్కలో 35 మొదలు 40 పాళ్లు, మంచి చేప పొడిలో 55 మొదలు 60 పాళ్లు, తవుడులో 12 మొదలు 14 పాళ్లు, గోధుమ పిండిలో 10 మొదలు 12 పాళ్లు ఉండును.

తవుడు: మర నుండి వచ్చిన తవుడు కొద్ది దినములలోనే కారువాసన పట్టును. అందలి నూనె చెడుటయే దీనికి కారణము. కనుక తాజా తవుడును గాని, నూనె తీసిన తవుడును గాని వాడవలెను. ఊకపొట్టు కలిసిన ముతక తవుడు పనికిరాదు.

సోయా: పచ్చి సోయా గింజలలో జీర్ణశక్తిని అరికట్టు పదార్థమొకటి కలదు. బాగుగా వేడిచేసినచో అది నశించును. పచ్చి పిండిని వాడరాదు.

చేప పొడి: సముద్రతీర గ్రామములలో చిన్న నెత్తళ్లు చవకగా దొరకును. ఉప్పు వేయక ఎండబెట్టిన వానినే కొని, దంచి, జల్లించి వాడుకొనవచ్చును. ఉప్పు పట్టించిన ఎండు చేపలు ఇందుకు పనికిరావు. అంగడి చేప పొడిలో ఇసుక కలిసియుండవచ్చును. ఒక గాజు గ్లాసు నీటిలో చెంచాడు పొడిని వేసి కలిపి కొంతసేపు ఉంచినచో ఇసుక అడుగున పేరుకొని కనబడును.

వేరుశనగ చెక్క: ఇది మన జిల్లాలలో ఎల్లెడల దొరకు మంచి సరుకు. కాని దీనితో ఒక గొప్ప ప్రమాదము కలదు. దానిని గురించి ముందు వివరింతుము.

పాళ్లు కట్టుకొను విధము

రెండు సరుకులను కలిపి కావలసినన్ని మాంసకృత్తులు వచ్చునట్లు చేయుటకు ఒక సులభమైన లెక్క కలదు. 42 పాళ్లు గల చెక్కను, 12 పాళ్లు గల తవుడును కలిపి 32 పాళ్ల మేత చేయవలెననుకొందము. కావలసిన 32 నుండి తవుడు అంకె 12 తీసివేయగా 20 మిగులును. ఇది చెక్క వంతు. చెక్క అంకె 42 నుండి 32 తీసివేయగా 10 మిగులును. ఇది తవుడు వంతు. అనగా రెండు వంతుల చెక్కకు ఒక వంతు తవుడు కలుపవలెను.

కాని చెక్క, తవుడు మాత్రమే చాలవు. చెక్కలోని మాంసకృత్తులలో చేపకు అవసరమైన కొన్ని అంశములు తక్కువగా నుండును. చేప పొడి ఆ లోటును తీర్చును. గోల్డుఫిష్, గప్పీ వంటి చేపలకు ఒక కిలో మేత తయారు చేయుటకు ఈ క్రింది పాళ్లు అనుకూలము.

వేరుశనగ చెక్క పొడి 350 గ్రాములు
తవుడు 300 గ్రాములు
చేప పొడి 200 గ్రాములు
గోధుమ పిండి 120 గ్రాములు
విటమిను, ఖనిజ మిశ్రమము 20 గ్రాములు
నూనె 10 గ్రాములు

ఇందు మాంసకృత్తులు నూటికి సుమారు 30 పాళ్లు వచ్చును. మోలీ చేపలకైనచో ఆరబెట్టి పొడిచేసిన మునగాకును గాని, పాలకూరను గాని కొద్దిగా చేర్చుట మంచిది. గోధుమ పిండికి బదులు కర్రపెండలపు పిండిని కూడ వాడవచ్చును. ఇది గుళిక విడిపోకుండ పట్టియుంచును.

తయారు చేయు పద్ధతి

ముడి సరుకులన్నింటిని విడివిడిగా మెత్తగా దంచి సన్నని జల్లెడతో జల్లించవలెను. విటమిను మిశ్రమము, నూనె తప్ప మిగిలిన వానిని కలిపి, నీరు పోసి చపాతి పిండి వలె ముద్ద చేయవలెను. ఈ ముద్దను ఇడ్లీ పాత్రలో ఆవిరిపై అరగంట ఉడికించవలెను. ఉడికిన పిండిపదార్థము బంకగా మారి గుళికను గట్టిపరచును. చేపకు సులభముగా జీర్ణమగును కూడ.

ముద్ద చల్లారిన పిదప విటమిను మిశ్రమమును, నూనెను చేర్చి బాగుగా మర్దించవలెను. దీనిని జంతికల గొట్టములో పెట్టి, సన్నని రంధ్రముల బిళ్లతో శుభ్రమైన గుడ్డపై ఒత్తవలెను. గాలి తగులు నీడలో ఆరబెట్టి, గలగలలాడునట్లు ఎండిన తరువాత చేతితో నలిపి చిన్న గుళికలుగా చేసికొనవలెను. జల్లెడ పట్టినచో పెద్ద చేపలకు గుళికలు, చిన్న పిల్లలకు పొడి వేరుపడును. గాలి చొరని డబ్బాలో పోసి, పొడి ప్రదేశమున ఉంచవలెను. నెలకు సరిపడునంత మాత్రమే ఒకసారి తయారు చేసికొనుట క్షేమము.

బూజు పట్టిన చెక్క విషము

వేరుశనగ చెక్కకు తేమ తగిలినచో బూజు పట్టును. ఈ బూజులలో ఒక జాతి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్లు ఏదో తెలియని రోగముతో చనిపోయినవి. విచారింపగా, వానికి వేసిన దాణాలోని వేరుశనగ చెక్కయే కారణమని తేలినది. ఈ విషము ప్రపంచమునకు తెలియవచ్చినది ఆ సంఘటన వలననే. ఇది చేపల కాలేయమును కూడ చెడగొట్టును.

ఈ విషము ఇంటిలో ఉడికించుట వలన పోదు. పై బూజును గీకివేసినను లోపలి విషము మిగులును. కావున ముక్కవాసన వేయుచున్న, రంగు మారిన, ఉండలు కట్టిన చెక్కను ఎంత తక్కువ ధరకు వచ్చినను కొనరాదు. దానిని పశువులకు గాని, కోళ్లకు గాని కూడ వేయరాదు. వానాకాలములో చెక్క సంచులను నేలపై నుంచక, చెక్క బల్లలపై గోడకు తగులకుండ పేర్చవలెను.

చిన్న పిల్లలకు సజీవాహారము

అప్పుడే ఈదుట మొదలిడిన పిల్లలు కదలు తిండిని చూచియే నోరు తెరచును. గప్పీ, మోలీ వంటివి పిల్లలను ఈనును. ఆ పిల్లలు కొంత పెద్దవగుట వలన మొదటి దినము నుండియే మెత్తని పొడిమేతను తినగలవు. గ్రుడ్లు పెట్టు గౌరామీ, ఫైటరు జాతుల పిల్లలు మిక్కిలి చిన్నవి. వానికి కంటికి కనబడని సూక్ష్మజీవులు కావలెను.

వీనిని పెంచుట సులభము. ఒక గాజు సీసాలో చెరువు నీటిని పోసి, అరటి తొక్కను గాని, కొద్దిపాటి ఎండుగడ్డిని గాని వేసి, పలుచని గుడ్డ కట్టి నీడలో ఉంచవలెను. మొదట నీరు తెల్లబారి వాసన వేయును. కొద్ది దినములకు వాసన తగ్గి నీరు తేటపడును. అప్పుడు సూక్ష్మజీవులు వృద్ధియైనవని గ్రహించి, ఆ నీటిని కొంచెము కొంచెముగా పిల్లల తొట్టిలో పోయవలెను.

కొంత ఎదిగిన పిల్లలకు డాఫ్నియా, మొయినా అను నీటి ఈగలు మంచివి. నానబెట్టిన వేరుశనగ చెక్క నీటిని కొద్దిగా పోయగా లేత పచ్చగా తిరిగిన తొట్టి నీటిలో వీనిని వదలినచో కొద్ది దినములలోనే పెక్కువగును. సన్నని వలగుడ్డతో వడగట్టి, కడిగి వేయవలెను.

ఆర్టీమియా గ్రుడ్లు డబ్బాలలో అమ్ముదురు. లీటరు నీటికి 25 మొదలు 30 గ్రాముల కల్లుప్పు కలిపి, గాలి బుడగలు ఆడించుచు, వెలుతురులో ఉంచినచో ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. ఇవి పుష్టికరమైనవే గాని ఖరీదైనవి. కావున మొదటి కొద్ది దినములకు మాత్రమే వాడి, క్రమముగా పొడిమేతకు అలవాటు చేయవలెను.

ఉడికించిన కోడిగ్రుడ్డు పచ్చసొనను పలుచని గుడ్డలో కట్టి నీటిలో పిండి వేయుట పాత పద్ధతి. ఇది మంచిదే కాని నీటిని త్వరగా చెడగొట్టును. శనగ గింజంత కంటె ఎక్కువ ఒకసారి వాడరాదు.

మురుగు కాల్వలలో పట్టిన ట్యూబిఫెక్స్ ఎర్రపురుగులు చవకగా దొరికినను, వానితో పాటు రోగములు కూడ తొట్టిలోనికి వచ్చును. వానిని మానుటయే మేలు. దోమపిల్లలు కూడ చేపలకు ఇష్టమైన తిండియే. అయినను వాని కొరకు నీటిని నిలువ ఉంచరాదు. చేపకు తిండి పెట్టబోయి ఇంటిల్లిపాదికి డెంగీ తెచ్చుకొనుట తగదు.

రంగు కొరకు

చేప ఒంటిపై కనబడు ఎరుపు, పసుపు వన్నెలకు మూలమైన పదార్థములను చేప తనంతట తాను తయారు చేసికొనలేదు. అవి మేత ద్వారానే రావలెను. అందుచేతనే ఉత్త తవుడుపై పెరిగిన గోల్డుఫిష్ వెలవెలబోవును. మన కోస్తా ప్రాంతమున రొయ్యల కర్మాగారములనుండి రొయ్య తలలు, పొట్టు విరివిగా వచ్చును. తాజావానిని తెచ్చి, ఉడికించి, ఎండబెట్టి, పొడిచేసి మేతలో నూటికి 5 పాళ్ల వరకు కలుపవచ్చును. అంత మేరకు తవుడును తగ్గించవలెను. ఎండిన బంతిపూల రేకుల పొడి, స్పిరులినా పొడి కూడ రంగునకు తోడ్పడును. అమ్మకమునకు కొన్ని వారముల ముందునుండి వీనిని వాడినచో ఖర్చు కలిసివచ్చును.

ఎంత, ఎప్పుడు వేయవలెను?

ఎదుగుచున్న చేపలకు దినమునకు వాని బరువులో నూటికి 3 పాళ్ల మేతతో ఆరంభించవచ్చును. ఒక్కొక్కటి 5 గ్రాముల బరువు గల 200 చేపలున్నవనుకొనుడు. వాని మొత్తము బరువు ఒక కిలో. వానికి దినమునకు 30 గ్రాముల మేత కావలెను. దీనిని రెండు మూడు పూటలుగా పంచి వేయవలెను. చిన్న పిల్లలకు బరువును బట్టి ఇంతకంటె హెచ్చుగా, దినమునకు నాలుగైదు సార్లు వేయవలెను.

అన్నిటికంటె మంచి కొలత చేపయే. వేసిన మేత అయిదు నిమిషములలో తినివేయునట్లుండవలెను. మిగిలినచో మరుపూట తగ్గించవలెను. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తక్కువగా నుండును. కావున సూర్యుడు వచ్చిన పిదపనే తొలి మేత వేయవలెను. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచుచున్నచో అది ఆకలి యనుకొని మేత వేయరాదు. అది ఊపిరాడని లక్షణము కావచ్చును. ముందు నీటిని కొంత మార్చవలెను. చలిదినములలో చేప ఆకలి తగ్గును. మేతను కూడ తగ్గించవలెను.

మీరే పరీక్షించి చూడుడు

క్రొత్త మేతను ఎవరో చెప్పిరని తొట్లన్నింటిలో ఒకేసారి వాడవద్దు. ఒకే వయస్సు, ఒకే బరువు గల చేపలను సమసంఖ్యలో రెండు తొట్లలో విడువుడు. ఒక దానిలో పాత మేతను, రెండవ దానిలో క్రొత్త మేతను నెలదినములు వేయుడు. వేసిన మేతను ప్రతి దినము వ్రాసికొనుడు. మొదటను, చివరను చేపలన్నింటిని నీటిపాత్రలో తూచుడు. మేత బరువును పెరిగిన బరువుతో భాగించినచో కిలో చేపకు ఎంత మేత పట్టినదో తెలియును.

కిలో 40 రూపాయల మేత 4 కిలోలు పట్టినచో కిలో ఎదుగుదలకు 160 రూపాయలు అగును. కిలో 70 రూపాయల మేత 2 కిలోలే పట్టినచో 140 రూపాయలే అగును. చచ్చిన చేపల లెక్కను, రంగును కూడ చూచినచో ఏది చవకయో మీకే తేటపడును.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి

కిలో సరుకు ధరను కాక, కిలో మాంసకృత్తుల ధరను చూడుడు.
చేప జాతిని, నోటిని, వయస్సును బట్టి మేతను ఎన్నుకొనుడు.
బూజు పట్టిన చెక్కను ఉచితముగా ఇచ్చినను తీసికొనకుడు.
నెలకు సరిపడు మేతను మాత్రమే తయారు చేసికొనుడు.
అయిదు నిమిషములలో తినగలిగినంతే వేయుడు.
మేత లెక్క, చేపల బరువు ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు.

మన పెరటిలోను, పొరుగు మరలోను, దగ్గరి సంతలోను దొరకు సరుకులతోనే రంగు చేపలకు మంచి మేతను తయారు చేసికొనవచ్చును. ఇందుకు పెట్టుబడి కంటె శ్రద్ధ ముఖ్యము. రైతు సోదరులు, సోదరీమణులు ఈ పద్ధతిని ముందుగా ఒక తొట్టిలో పరీక్షించి, ఫలితమును చూచుకొని, మిగిలిన తొట్లకు విస్తరింపజేసికొందురు గాక.